ముసాఫిర్‌కు ఒక చెంబు నీళ్లు

ఫిల్మ్‌నగర్ కొండ దిగి షేక్‌పేట వైపు వస్తే కుతుబ్‌షాహీల నాటి సరాయి ఒకటి కనిపిస్తుంది. రెండంతస్తుల రాతి కట్టడం. బాటసారులు దిగడానికి గదులు, గుర్రాలూ ఒంటెలూ కట్టేయడానికి చోటు, ఆవరణలోనే మసీదు. గోల్కొండకు సరకుతో వచ్చిన బిడారులకు మజిలీ ఇది. బిడారును ఫార్సీలో కార్వాన్ అంటారు. మన నగరంలోని కార్వాన్ బస్తీకి ఆ పేరు వచ్చింది ఈ మాటతోనే.

అదే మాట ఇప్పుడు సరాయికి ఎగువన, కొండమీద, మరో అర్థంలో వినిపిస్తోంది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియో పెట్టిన నాటికి ఈ చుట్టుపక్కలంతా బండలూ తుప్పలే. ఆ తర్వాత పద్మాలయా వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, మద్రాసు నుంచి పరిశ్రమ మొత్తం తరలివచ్చింది. ఈ కొండమీది వారికి ‘కారవాన్’ అంటే అవుట్‌డోర్ షూటింగుకు తారల వెంట వెళ్లే పెద్ద బండి. లోపల ఏసీ, పడక, మేకప్ అద్దం ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మరుగుదొడ్డి, తిప్పితే నీళ్లొచ్చే కుళాయి ఉంటాయి.

కారవాన్ లేని మనబోటి కుటుంబాలు దారిలో శుచిగా ఎలా ఉండాలి? వుజూ ఎలా చేసుకోవాలి? రోగాలు అంటించుకోకుండా ఇంటికి ఎలా చేరాలి? ఈ వారం ఈ విషయం రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది.

2025 ఏప్రిల్‌లో, షవ్వాల్ నెలలో, కడపలో దగ్గరి బంధువుల ఇంట నికాహ్ జరిగింది. మేము తొమ్మిది మందిమి. వారిలో డెబ్బయి దాటిన దాదీ, ఇద్దరు ఖాలాలు, ముగ్గురు పిల్లలు. రైలు టిక్కెట్లు దొరకలేదు. తూఫాన్ బండి మాట్లాడుకున్నాము. డ్రైవరు భాయ్ కృష్ణానగర్ మనిషి. ఇరవై ఏళ్లుగా సినిమా యూనిట్లకు బండ్లు తోలుతున్నాడు. ఫజర్ నమాజు కాగానే బయలుదేరాము. షాద్‌నగర్, జడ్చర్ల, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణమ్మ, కర్నూలులో తుంగభద్ర, అక్కడి నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. నాలుగు వందల కిలోమీటర్లు దాటిన దారి.

జడ్చర్ల దాటాక బండి ఆగింది. మగవాళ్లం దిగాము. ఖాలాలు దిగి చుట్టూ చూసి మళ్లీ ఎక్కి కూర్చున్నారు. దాదీ అసలు కదలలేదు. మంచినీళ్ల సీసా ఇస్తే వద్దన్నారు.

డ్రైవరు భాయ్ నవ్వి, “మా షూటింగుల కూడా గిట్లనే సాబ్. హీరో సారుకు కారవాన్ ఉంటది. లైట్‌మెన్లకు తుమ్మచెట్టు ఉంటది” అన్నాడు.

“మరి ఆడవాళ్లు?”

“ఆడోళ్లు నీళ్లు తాగరు సాబ్.”

అతను మామూలుగా అన్న మాట అది. మాకు మాత్రం కడప చేరేదాకా చెవిలో మోగుతూనే ఉంది. ఇది తెలుగు సినిమా ఒక్కదాని సంగతి కాదు. మలయాళ చిత్రసీమలో స్త్రీల స్థితిగతులపై కేరళ ప్రభుత్వం నియమించిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలుగులోకి వచ్చింది. మరుగుదొడ్లు లేక నటీమణులు షూటింగు స్థలాల్లో గంటల తరబడి నీళ్లు తాగకుండా గడుపుతున్నారనీ, మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్ల పాలవుతున్నారనీ అందులో ఉంది. కోట్ల రూపాయల వ్యాపారం జరిగే చోటే ఇలా ఉంటే, రోడ్డు పక్కన ఆగిన తూఫాన్ బండిలోని బురఖా వేసుకున్న ముసలమ్మ గతి ఏమిటి?

దాదీ లెక్క వేరు. ఫజర్‌కు చేసిన వుజూతోనే జుహర్ చదవాలని ఆమె పట్టుదల. నీళ్లు తాగితే దిగాల్సి వస్తుంది. దిగితే వుజూ పోతుంది. మళ్లీ చేసుకోవడానికి చోటు ఉండదు. కాబట్టి తాగకపోవడమే మేలు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆమె ప్రయాణాలన్నీ ఇలాగే జరిగాయట. మన ఇళ్లల్లో ఎందరో అమ్మీలు, నానీలు ఇదే పద్ధతిలో ఊళ్లు తిరిగారు. దాన్ని మనం ఓర్పు అన్నాము.

నికాహ్ మరునాడు ఆమెకు చలితో జ్వరం వచ్చింది. నడుం నొప్పి, మూత్రంలో మంట. రాత్రికి మనుషుల పేర్లు తడబడసాగాయి. ఎండదెబ్బ అనుకున్నాము. డాక్టరు పరీక్ష చేయించి, మూత్రనాళంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుందో కాస్త తెలుసుకుందాము. మన పేగుల్లో సహజంగా ఉండే ‘ఇ.కోలై’ అనే సూక్ష్మజీవి మూత్రమార్గంలోకి చేరితే ఈ జబ్బు వస్తుంది. స్త్రీలలో ఆ మార్గం పొట్టిది కావడం వల్ల సూక్ష్మజీవులు లోపలికి చేరడం తేలిక. నీళ్లు బాగా తాగి ఎప్పటికప్పుడు విసర్జిస్తే అవి కొట్టుకుపోతాయి. తాగక, బిగబట్టుకుని కూర్చుంటే లోపలే నిలిచి పెరుగుతాయి. చక్కెర జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, వృద్ధులకు ముప్పు మరింత ఎక్కువ. వృద్ధుల్లో ఒక్కోసారి మంట, నొప్పి తెలియకుండా మాట తడబాటే మొదటి గుర్తుగా కనిపిస్తుంది. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కు కడుక్కోవాలని ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పాలి. చలిజ్వరం, నడుం నొప్పి వస్తే మందుల షాపులో ఏవో మాత్రలు కొని మింగక డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

ఇక వుజూ నిలబెట్టుకునే సంగతి. మలమూత్రాలు ఒత్తిడి చేస్తుండగా బిగబట్టుకుని నమాజు చదవవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉంది. ఇది ఆసుపత్రిలో దాదీకి చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేమర్రా?” అన్నారు చివరికి. మా దగ్గర జవాబు లేదు. జుమా ఖుత్బాలలో తహారత్ గురించి వింటూనే ఉంటాము. ఈ ఒక్క మాట ఇంట్లో ఆడవాళ్ల దాకా మోసుకువెళ్లింది లేదు.

వుజూకు ఎన్ని నీళ్లు కావాలి?

బండిలో నీళ్లు చాలవన్న భయం చాలామందికి ఉంటుంది. ప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు, అంతకంటే కాస్త తక్కువే. లెక్క వేయండి. తొమ్మిది మందికి ఒక పూటకు ఏడు లీటర్లు కూడా పట్టవు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి ఉంటే రెండు పూటల వుజూ అయి, చేతులు కడుక్కోవడానికి ఇంకా ఆరు లీటర్లు మిగులుతాయి. ఇంట్లో కుళాయి బార్లా తిప్పి వదిలి ఒక్కొక్కరం ఎన్ని చెంబులు పారబోస్తున్నామో తెలియాలంటే ఒకసారి సీసాతో వుజూ చేసి చూడాలి. మేము చేసి చూశాము. మొదటిసారి లీటరు సీసా పాదాలకు రాకముందే ఖాళీ అయింది. మూడోసారికి సరిపోయింది.

డ్రైవరు భాయ్ దగ్గర ఒక మంచి ఏర్పాటు చూశాము. అడుగున కుళాయి ఉన్న క్యానును బండి వెనక తలుపు దగ్గర తాళ్లతో కట్టాడు. పాత ఉల్లిగడ్డల వల సంచి ముక్కలో సబ్బుబిళ్ల వేసి ఆ కుళాయికే వేలాడదీశాడు. సబ్బు కింద పడదు, మట్టి అంటదు, నీళ్లలో నాని కరిగిపోదు. షూటింగుల్లో ప్రొడక్షన్ వాళ్ల దగ్గర నేర్చుకున్నాడట. దానికి తోడు మూతి ఉన్న ప్లాస్టిక్ చెంబు, పాత దుప్పటి ఒకటి, నాలుగు బట్టల క్లిప్పులు. దుప్పటిని బండి రెండు తలుపుల మధ్య కట్టితే పరదా సిద్ధం. ఇవన్నీ అతను తిరుగు ప్రయాణంలో తెచ్చి చూపించాడు. వెళ్లేటప్పుడు మేము అడగలేదు, అతను చెప్పలేదు. సాబ్ వాళ్ల ఆడవాళ్ల సంగతి మనకెందుకని ఊరుకున్నాడట.

చేతుల విషయం చిన్నది కాదు. ప్రయాణంలో రోగాలు నోటికి చేరేది ఎక్కువగా చేతుల ద్వారానే. మరుగుదొడ్డి గడియ, బండి తలుపు పిడి, నోట్ల కట్ట, సెల్‌ఫోను. వీటిని పట్టుకున్న చేత్తోనే బిస్కెట్టు తీసి బిడ్డ నోట్లో పెడతాము. ప్రవక్త (స) గుసుల్ చేసిన విధానాన్ని హజ్రత్ మైమూనా (రజి) వివరిస్తూ, మర్మావయవాలు కడిగిన తర్వాత చేతిని నేలకు రుద్ది కడుక్కున్నారని తెలిపారు. సూక్ష్మదర్శిని కనిపెట్టడానికి వెయ్యేళ్ల ముందటి అలవాటు ఇది. మనకు సబ్బు ఉంది. సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు, గోళ్ల సందులు, వేళ్ల మధ్య రుద్దాలని వైద్యులు చెబుతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా నేర్చుకున్నాము, తర్వాత మరిచాము. ఆల్కహాలు కలిసిన శానిటైజర్ విషయంలో సందేహం ఉన్నవారు తమ ఆలింను అడగవచ్చు. అయితే జిడ్డు, మట్టి ఉన్న చేతుల మీద అది సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లకు అది లొంగదు. మా వరకు సబ్బే నయం.

నీళ్లు నిజంగానే లేకపోతే? ఇక్కడ ఒక కుటుంబ ప్రయాణం గుర్తుకు వస్తుంది. ప్రవక్త (స) వెంట వెళ్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం తెగి పడిపోయింది. దాన్ని వెతకడానికి దండు మొత్తం ఆగింది. అక్కడ నీళ్లు లేవు, మనుషుల దగ్గరా లేవు. జనం వెళ్లి హజ్రత్ అబూబక్ర్ (రజి)తో మొరపెట్టుకున్నారు. ఆయన వచ్చి కూతురిని మందలించారు, నడుం మీద పొడిచారు కూడా. ప్రవక్త (స) ఆమె ఒడిలో తల పెట్టుకుని నిద్రిస్తున్నందున ఆమె కదలలేదు. తెల్లవారేసరికి తయమ్ముమ్ ఆయతు అవతరించింది. అప్పుడు ఒంటెను లేపితే దాని కిందే హారం దొరికింది. నీళ్లు దొరకనప్పుడు, లేదా నీటి వల్ల హాని కలుగుతుందనుకున్నప్పుడు పరిశుభ్రమైన మట్టితో ముఖం, చేతులు తుడుచుకునే ఈ సౌలభ్యం ఆ ప్రయాణం నుంచే ఉమ్మత్‌కు లభించింది. ఉన్న నీళ్లు తాగడానికి మాత్రమే సరిపోతాయంటే తాగడానికే ఉంచుకుని తయమ్ముమ్ చేసుకోవచ్చని ఫఖీహులు చెప్పారు. అంటే ముసాఫిర్ గొంతు తడవడం ముందు. దాదీ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుకు కుదించుకునే అనుమతి కూడా ప్రయాణీకునికి ఉన్నదే (నిసా సూరా, 101వ ఆయతు).

ఒక జాగ్రత్త. తయమ్ముమ్‌కు కావలసింది పరిశుభ్రమైన మట్టి. బస్సులు ఆగే చోట, జనం మూత్ర విసర్జన చేసే గట్టు మీద చేతులు కొట్టి ముఖానికి పూసుకుంటే శుచీ లేదు, ఆరోగ్యమూ లేదు. కొంచెం లోపలికి నడిచి పొలం గట్టు చూసుకోవాలి.

ఆ గట్లను పాడుచేస్తున్నదీ మనమే మరి. జనం నడిచే దారిలో, నీడన, నీటి తావుల దగ్గర మలవిసర్జన చేసి శాపానికి గురికావద్దని ప్రవక్త (స) హెచ్చరించారు. నిలిచిన నీటిలో మూత్రం పోయవద్దన్నారు. షాద్‌నగర్ దాటాక మా ముందు పోతున్న కారు కిటికీలోంచి పసిబిడ్డ డైపర్ ఒకటి గాలిలో ఎగిరి వచ్చి మా బండి అద్దానికి తగిలింది. ఆ కారు వెనక అద్దం మీద ‘మాషా అల్లాహ్’ అని రాసి ఉంది. ఇంతకంటే ఏమీ రాయలేము. నీటి సంగతికి వస్తే, కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన దుర్గం చెరువు జూబ్లీహిల్స్ పక్కనే ఉంది. 2020లో దానిపై తీగల వంతెన కట్టారు. సాయంత్రాలు జనం ఫొటోలు దిగుతారు. ఆ నీళ్లు నోట్లో పోసుకునే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

బిర్యానీ డబ్బా

హోటళ్లను తిట్టడం తేలిక. మా పిల్లవాడికి వాంతులు పట్టుకున్నది హోటలు తిండితో కాదు, మా ఇంటి బిర్యానీతో. ఖాలా రాత్రంతా మేల్కొని వండి, వేడివేడిగా పెద్ద స్టీలు డబ్బాకు ఎత్తి గట్టిగా మూత బిగించారు. బయలుదేరింది ఐదున్నరకు. అలంపూర్ చౌరస్తా దాటాక, చెట్టు కింద డబ్బా తెరిచేసరికి ఒంటిగంట. వాసన బాగానే ఉంది, రుచీ బాగానే ఉంది. నంద్యాల చేరకముందే చిన్నవాడు వాంతులు మొదలుపెట్టాడు.

బియ్యంలో ‘బాసిల్లస్ సీరియస్’ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి, విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన చూసి కనిపెట్టడం కూడా కుదరదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులవుతాయి. వండిన అన్నం, మాంసం ఎండాకాలంలో గంట, మిగతా కాలంలో రెండు గంటలకు మించి బయట ఉంచరాదని ఆహార నిపుణుల మాట. మూతబిగించిన డబ్బాలో అది వెచ్చగా ఉండటమే అసలు ప్రమాదం. దారికి రొట్టెలు, వేయించిన పల్లీలు, అటుకులు, ఖర్జూరాలు, తొక్క ఒలుచుకు తినే అరటి, బత్తాయి మేలు. బిర్యానీ నికాహ్ ఇంట్లో ఎలాగూ ఉంటుంది! పిల్లలు అడిగే వాటిలో మయొనైజ్ ఒకటి. బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని పలువురు జబ్బుపడి ఒక మహిళ మరణించాక, పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం గడువుతో పనిలేకుండా ప్రయాణంలో దాని జోలికి పోకపోవడం మంచిది.

నంద్యాలలో ఓఆర్‌ఎస్ అడిగితే దుకాణదారు పండ్లరసం లాంటి అట్టపెట్టె పానీయం ఇచ్చాడు. దానిమీద ఆ మూడు అక్షరాలూ ఉన్నాయి. తాగించాక వాడికి విరేచనాలు కూడా మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములే ఉండాలి. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉన్న పానీయం విరేచనాలను పెంచగలదు. ఇటువంటి వాటిమీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ సూత్రానికి సరిపడని పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. మా ప్రయాణం అంతకు ఆరు నెలల ముందుది. పొడి ప్యాకెట్లు నాలుగు ఇంటి నుంచే పట్టుకెళ్తే ఈ గొడవ ఉండదు. అవీ లేకపోతే లీటరు మంచినీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువ కారాదు. గుక్కలు గుక్కలుగా తాగించాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయవద్దు.

తిరుగు ప్రయాణం గురించి కూడా చెప్పాలి. దాదీకి డాక్టరు గంటకోసారి నీళ్లు తాగాలని గట్టిగా చెప్పారు. తాగితే ఆగాలి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా కల్పించాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధన. టోల్‌గేట్ల దగ్గరా మరుగుదొడ్లు ఉంటాయి. శుభ్రంగా లేకపోతే 1033కు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఏ బంకులో గడియ ఉంటుందో, ఎక్కడ నీళ్లు వస్తాయో డ్రైవరు భాయ్‌కు కంఠతా వచ్చు. అతను చెప్పిన చోట్లే ఆగాము.

అసర్ వేళకు ఒక ఊళ్లో మసీదు కనిపించి ఆగాము. మగవాళ్లకు వరుసగా పది కుళాయిలు, పాలరాయి తిన్నెలు, పక్కనే కొత్తగా కట్టిన మరుగుదొడ్లు. స్త్రీలకు ఏమైనా ఉందా అని అడిగితే అక్కడున్నవారు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లేదు. దారి పొడుగునా మేము ఆగిన మూడు మసీదుల్లోనూ ఇదే పరిస్థితి. పాలరాయికి చందాలు ఇచ్చే మనం, వెనక గోడకు ఆనించి ఒక తలుపు, ఒక కుళాయి, ఒక గడియ పెట్టించమని కమిటీ పెద్దలను అడిగామా? ఖర్చు ఎంతని? షేక్‌పేట సరాయి కట్టినవారికి గుర్రాలకు కూడా చోటు ఉంచాలని తోచింది. హైవే మీద మసీదు కట్టేవారు ఆ పక్క తూఫాన్ బండిలో ఎవరుంటారో ఒకసారి తొంగిచూస్తే చాలు.

మేము బయటికి వస్తుండగా ఇమాం సాబ్ పిలిచారు. మసీదును ఆనుకుని ఆయన ఉండే రెండు గదుల ఇల్లు. లోపలికి కబురు చేసి, తాను పిల్లలను తీసుకుని బయట అరుగు మీద కూర్చున్నారు. ఆయన ఇల్లాలు దాదీని చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. బకెట్టు నిండా నీళ్లు, సబ్బు, ఉతికిన తువ్వాలు ఇచ్చారు. దాదీ, ఖాలాలు వుజూ చేసుకుని ఆ ఇంట్లోనే నమాజు చదువుకున్నారు. వస్తూవస్తూ దాదీ ఆమెను అడిగి పెద్ద గ్లాసుతో నీళ్లు తాగారు. ఆ తర్వాత ఇంకో గ్లాసు.

బండి కదిలాక దాదీ డ్రైవరు భాయ్‌ను పేరు పెట్టి పిలిచారు. జడ్చర్ల దగ్గర నువ్వు చెప్పే బంకు రాగానే ఆపు బేటా, దాటిపోనీయకు అన్నారు.